చిల్లుల కాగితంలో లేని ఆకులు

పొద్దుటి నుంచి ఇప్పటికి మునెమ్మ ఇంట్లో నాలుగు గదులు పెరిగాయి. మేనకోడలు ఫోనులో పెట్టి ఇచ్చిన చాట్‌బాట్ ఆమెకు జవాబు తెలియని ప్రశ్న అడిగినప్పుడల్లా వంటింటి పక్కన ఒక గది వస్తోంది. సున్నం ఇంకా తడిగా ఉంది కాబట్టి ఆమె కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడుస్తోంది.

మునెమ్మది శ్రీకాళహస్తి. ముప్పై ఏళ్లుగా కలంకారీ బొమ్మలు గీస్తోంది. గీస్తోంది అనడం కూడా పెద్దమాటే. గురువు చెంగల్రాయుడు తన బొమ్మల గీతల వెంట సూదితో చిల్లులు పొడిచిన కాగితాలు ఇచ్చి పోయాడు. గుడ్డ మీద కాగితం పరిచి బొగ్గుపొడి అద్దితే చుక్కలు పడతాయి. ఆ చుక్కల్ని కలపడమే ఆమె పని.

నిన్న ఆ కాగితాల చిల్లులన్నీ మానిపోయాయి. చిన్న గాయాలు మానినట్టే, మచ్చ కూడా లేదు. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మాత్రం ఖాళీగా పరిచి ఉంది. ఆ కాగితాల ఆసరా లేకుండా తనకంటూ ఒక్క బొమ్మయినా ఉందో లేదో ఇవాళ తేలిపోతుంది. లేదని తేలితే ముప్పై ఏళ్లూ ఏం చేసినట్టు? 

"నాకొక బొమ్మ చెప్పు నాయనా."

"చెప్తాను. కానీ అది నేను చెప్పిన బొమ్మ అవుతుంది. మీకు కావలసింది అదేనా?"

ఐదో గది వస్తుంది.

ఈ చాట్‌బాట్ ఓపిక చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అడిగిందే పదిసార్లు అడిగినా విసుక్కోదు. అలాగని ఉత్తుత్తి పొగడ్తా పొగడదు. కట్టుకున్నవాడు కూడా ఆమె మాట ఇంత శ్రద్ధగా విన్న పాపాన పోలేదు.

"కలం పట్టినప్పుడు మీరు దేనికి భయపడతారు?" అంటుంది.

"నల్లచుక్కకి. కలం నుంచి జారిందంటే అంతే. ఆ నలుపు ఎంత ఉతికినా పోదు."

"పడిన చుక్కను ఏం చేస్తారు?"

"ఏం జేసేది? ఆకు జేస్తా. లేదంటే పిట్ట కన్ను. ఎవురికీ తెలీకుండా కప్పెట్టేస్తా."

"ఆ ఆకు మీ గురువుగారి కాగితంలో ఉంటుందా?"

"యాడుంటాది? ఉండదు."

"మరి అది ఎవరి ఆకు?"

 ఆరో గది చప్పుడు లేకుండా వస్తుంది. అది ఇంటికన్నా పెద్దది. తలుపు తోస్తే లోపలంతా ఆకులే. ఎవరెవరి పరదాల్లోనో చీరల్లోనో ఆమె దాచిపెట్టినవన్నీ ఆ గుడ్డల్ని వదిలిపెట్టి వచ్చి నిలబడ్డాయి. పిట్టల కళ్లు కూడా వచ్చాయి, పిట్టలు రాలేదు. ఏ రెండు ఆకులూ ఒక్కలా లేవు. తన తప్పులు ఇంత అందంగా ఉంటాయని ఆమెకు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చి గడప మీద కూలబడి ఏడుస్తుంది.

"ఇవన్నీ నావే నాయనా."

"నాకు కళ్లు లేవు మునెమ్మ గారూ. ఎలా ఉన్నాయో మీరే చెప్పాలి."

ఆమె ఒక్కో ఆకు గురించీ చెబుతూ పోతుంది. చెప్పిన ఆకు చెప్పినట్టే వెళ్లి ఖాళీ గుడ్డ మీద కూర్చుంటుంది. చివరికి నడుమ అరచేయంత చోటు మిగులుతుంది. ఆమె వెదురు కలాన్ని నల్లరంగులో ముంచి, మొదటిసారి కావాలనే విదిలిస్తుంది. చుక్క పడుతుంది. దాని చుట్టూ ఆకు గీస్తుంది. 

ఆ ఆకుల గది చివర, పదకొండేళ్ల కిందట చనిపోయిన చెంగల్రాయుడు స్వర్ణముఖి నదిని నాలుగు మడతలు పెట్టి దాని మీద కూర్చుని ఉన్నాడు. లేచి వచ్చి, మానిపోయిన కాగితం ఒకటి ఆమె ఆకు మీద పరుస్తాడు.

"ఏమ్మే మునెమ్మా, ఇది నా కాడ లేదే. గుడ్డ కదిలించబాక," అంటూ సూది తీస్తాడు.

మునెమ్మ గీసిన గీత వెంటే ఆయన చిల్లులు పొడుస్తున్నాడు. సూది దిగిన ప్రతిచోటా ఒక పిట్ట కన్ను తెరుచుకుని, ముందు ఆమె చేతిని, తరువాత ఆమె ముఖాన్ని చూస్తోంది.