లయి డబ్బా

స్టవ్ మీద మైదా గంజి ఉడుకుతుంటే కొమురెల్లి చిటికెడు మైలుతుత్తం వేసి గరిటె తిప్పుతున్నాడు. కోర్టు కాగితాలు గోడలకు అంటించే లయిని అతను ముప్పై ఏళ్లుగా ఇంట్లోనే కాస్తున్నాడు. భార్య రేణుక ఉన్నన్నాళ్లు ముక్కు మూసుకుని, తిట్టుకుంటూ ఆమే కాచేది. ఆమె పోయాక తిట్టేవాళ్లు లేక లయి ఉండలు కడుతోంది. ఈ సాయంత్రం అతను కోర్టు అమీనుగా రిటైరవుతాడు.

జగిత్యాల నుంచి కోరుట్ల దాకా బస్సులో నిలబడే వెళ్లాడు. సంచిలో లయి డబ్బా, బ్రష్, ఒకటే కాగితం: రాజయ్య ఇంటి జప్తు ఉత్తర్వు. సిరిసిల్ల మరమగ్గాల మోతలో చెవులు పోగొట్టుకుని ఇంటికి చేరిన మనిషి రాజయ్య. బీడీలు చుట్టే శాంత దగ్గర నోటు రాసి లక్షన్నర తీసుకున్నాడు. అది ఆమె పీఎఫ్ డబ్బు. కేసు గెలవడానికి శాంతకు మూడేళ్లు పట్టింది. తీర్పు ఇచ్చే కోర్టు డబ్బు తెచ్చి చేతిలో పెట్టదని గెలిచాకే తెలిసింది పాపం. మళ్లీ అమలు పిటిషన్ వేసింది.

కొమురెల్లికి ఒక పట్టింపు ఉంది. ఏ ఇంటికి వెళ్లినా ముందే మంచినీళ్లు అడిగి తాగుతాడు. కాగితం అంటించాక ఆ ఇంటి నీళ్లు ముట్టడు. ఇవాళ అడిగే వ్యవధి కూడా లేకుండా రాజయ్య అరుగు దిగి వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"సారూ, ఇల్లు అమ్ముతున్న, రేపే రిజిస్ట్రేషన్. మా ఇంద్రమ్మకు గుండె ఆపరేషన్ ఉన్నది. గీ ఒక్కరోజు తాళమేసి ఉన్నదని రాస్కపో."

"అన్నా, ఇల్లు ఇప్పుడే ఎవ్వలు గుంజుకోరు! అండ్లనే ఉండుండ్రి. అమ్మరాదు, కుదువ వెట్టరాదు, గంతే! శాంత పైసలు కడితే జప్తు లేస్తది!"

చెవిటి మనిషికి వినబడాలని అరిచాడు. వాడకట్టంతా విన్నది. ఇక చాటింపు వేయించే పనే లేదు.

తాళం అని రాయడం నిమిషం పని. రిటైరయ్యేవాణ్ని అడిగేదెవరు? కానీ ఇల్లు చేతులు మారితే శాంత మళ్లీ మొదటి నుంచి తిరగాలి. వాయిదా వాయిదాకూ కోర్టు మెట్ల మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే మనిషి. కొమురెల్లి గోడకు లయి పూసి, కాగితం పెట్టి అరచేత్తో అదిమాడు.

రాజయ్య భార్య ఇంద్రమ్మ గడప పట్టుకుని, ఆయాసపడుతూ చెంబు అందించింది.

"ఎండల పడి అచ్చిండ్రు. తాగుండ్రి."

కొమురెల్లి చెంబు అందుకున్నాడు. తాగేసి, వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

సాయంత్రం కోర్టులో శాలువా కప్పి ఫోటో తీశారు. లయి డబ్బా రాజయ్య ఇంటి దగ్గరే మరిచిపోయిన సంగతి ఇల్లు చేరాక గుర్తొచ్చింది. ఇక దాంతో పనేముంది? అయినా నాలుగో రోజు కోరుట్ల బస్సెక్కాడు.

రాజయ్య గుండు చేయించుకుని అరుగు మీద కూర్చున్నాడు. గోడకు జప్తు కాగితం పక్కనే, కొత్తగా, ఇంద్రమ్మ ఫోటో జిరాక్స్ ఉంది.

"మొన్న పొద్దుగాల పోయింది సారూ. నీ లయితోనే అంటించిన," అన్నాడు రాజయ్య.

అరుగు చివర, కొమురెల్లి డబ్బా శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది. పక్కన బ్రష్ ఎండకు ఆరుతోంది.