ఇందాకటి చెయ్యి

ఆర్కెస్ట్రాలో పాట వెనక వాయిద్యాలన్నీ తానే వాయించే యంత్రం తన పాటలన్నీ మరిచిపోయిన రోజున కూడా కామేశ్ ఎప్పటిలాగే ముందు దాని మీది గుడ్డ తీసి, మడతపెట్టి, ఆ తర్వాతే స్విచ్ వేశాడు. చిన్న తెర వెలిగింది. పాటల పేర్లు ఉండాల్సిన చోట ఉత్త గీతలు కనబడ్డాయి. ఆపి మళ్లీ వేశాడు. మళ్లీ గీతలే.

లోపల గడియారపు బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు పాటల్ని కాపాడేది అదే. అది చచ్చిపోయింది. కాశీబుగ్గలో రేడియోలు బాగుచేసే దుకాణానికి వెళ్లి కొత్తది అతికించుకొని వచ్చేసరికి కాళ్ల వాపు చెప్పుల పట్టీల మీదికి పొంగింది. మెట్లెక్కుతూ రెండుచోట్ల ఆగాడు. కింద బట్టీలో జీడిపిక్కలు కాలుస్తున్న ఘాటు పొగ కిటికీలోంచి ఆర్కెస్ట్రా గదిలోకి వస్తోంది.

మర్నాడు పొద్దున్న రైలుకి అతను విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్లాలి. కిడ్నీ అన్నాక, ఇంటింటా ఆ జబ్బున్న ఉద్దానంలో ఎవరూ ఇంకేమీ అడగరు. ఈ సాయంత్రమే మూలపేటలో గంగమ్మ సంబరం. అక్కడ అతని భార్య మోహిని వల లాగే పాట పాడాలి. ఇకముందు ఏ ఊళ్లోనైనా అతను లేకుండానే పాడాలి. ఆమెకు తాళం లెక్క తెలియదు. ఆ పాటలో వెనక ఒక సముద్రపు హోరు పొంగి తగ్గుతుంది. అది తగ్గేచోట ఆమె గొంతెత్తుతుంది. ఆ హోరు కామేశ్ ఒకప్పుడు చేత్తో నాబ్ తిప్పి యంత్రంలోకి ఎక్కించినది. ఇప్పుడది లేదు.

డప్పుల వరసా, కింది స్వరాలూ మధ్యాహ్నానికల్లా మళ్లీ కట్టేశాడు. అవి మీటలు నొక్కితే వచ్చేవే. ఇక హోరు మిగిలింది. యంత్రం మీద వరసగా నాబ్‌లున్నాయి. ఒకదాని మూత ఎప్పుడో ఊడిపోతే, వలకు కట్టే బెండు ముక్క కోసి బిగించాడు. దాన్ని ఎడమకు తిప్పితే చప్పుడు నీళ్లలో మునిగినట్టు మూసుకుపోతుంది. కుడికి తిప్పితే తెరుచుకుంటుంది. చేతి తిప్పుడుని యంత్రం గుర్తుపెట్టుకునే ఎర్ర లైటు వెలిగించి, పాట నడుస్తుండగా తిప్పాడు. లైటు ఆర్పి, చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నాడు.

అన్నం క్యారేజీ తెచ్చిన మోహిని వంగి చూసింది.

"బెండు కదల్లేదు గదా మావా. మరి ఎవులు తిప్పుతన్నారు?"

"నానే."

"నువ్వు కూకున్నావు గదా!"

"ఇందాకటి నాను."

ఆమె నవ్వబోయి ఆగి, మళ్లీ విన్నది.

"బాగానే తిప్పినావు గానీ ఇది సముద్రం కాదు. మన గదిలో ఫ్యాను."

మూల కూర్చుని డోలక్కు తాళ్లు బిగిస్తున్న కూర్మయ్య పెద్దగా నవ్వాడు. "బావా, మీ ఆడది నిన్ను ఫ్యాను సేసీసింది!"

కామేశ్ కూడా నవ్వాడు. ఆమె చెప్పింది నిజమే. అలలన్నీ ఒక్క కొలతలో వస్తున్నాయి. వల లాగిన ఇంట్లో పుట్టినవాడు చెయ్యకూడని తప్పు. అల వచ్చేటప్పుడు దానితోపాటు లాగాలి. వెనక్కి పోయేటప్పుడు మడమలు ఇసకలో పాతి నిలబడాలి. ఏ రెండు అలలూ ఒకే అంతసేపు నిలబడనివ్వవు. కుర్చీలో కూర్చున్న మణికట్టుకి అది గుర్తు లేదు. మొదటిసారి ఎక్కించినప్పుడు నిలబడి, ఊగుతూ తిప్పాడు. ఇప్పుడు ఆ కాళ్లు నిలబడవు.

"కూర్మయ్యా, ఆ బట్టల తాడు ఇప్పి కిటికీ ఊసకి కట్టు. నువ్వూ మోహినీ లాగండి."

"ఏటి లాగాలి, కిటికీనా?"

"ఒడ్డు మీద లాగినట్టు లాగండి. నాను సూసి తిప్పుతాను."

మోహిని కొంగు దోపింది. ఇద్దరూ తాడు పట్టుకుని కేకేసుకుంటూ లాగారు. ఊస కిర్రుమంది. కామేశ్ యంత్రం వైపు చూడలేదు, వాళ్ల వీపుల వైపే చూశాడు. వీపులు వెనక్కి వాలుతున్నకొద్దీ బెండు కుడికి తిరిగింది. మడమలు తన్నిపెట్టి ఆగినప్పుడు మెల్లగా ఎడమకు మళ్లింది.

"సేప పడ్డాదేటి బావా?" కూర్మయ్య రొప్పుతూ అడిగాడు.

"ఉండు. ఇంకో అల."

ఈసారి హోరు తగ్గగానే మోహిని గొంతు దానంతటదే లేచింది. పాట మొత్తానికీ అలలు ఎక్కించి, యంత్రంలో భద్రం చేశాడు. తర్వాత పక్క నాబ్ పట్టుకున్నాడు. అది మైకులో పాడే గొంతుకిచ్చే ప్రతిధ్వనిది. అల విరిగాక ఆమె గొంతు కాసేపు నీళ్ల మీద నిలిచినట్టు ఉండాలి. ఒక్కొక్క అలకూ విడిగా తిప్పి, వెంటవెంటనే భద్రం చేస్తూ వచ్చాడు. చివరి అల దగ్గర కరెంటు పోయింది. కింద ఆటోవాడు హారన్ కొట్టాడు.

"ఆ ఒక్కటే గదా. ఆసుపత్రి నుంచి వచ్చాక సేత్తాను," అన్నాడు కామేశ్.

మూలపేటలో అతను స్టేజీ ఎక్కలేదు. దూరంగా, ఒడ్డుకు లాగిన పడవకు ఆనుకుని కూర్చున్నాడు. మీట కూర్మయ్య నొక్కాడు. హోరు పొంగింది, తగ్గింది, మోహిని పాడింది. ఆమె ఒక్కసారి కూడా అతని కోసం వెతకలేదు. ముందు వరసలో నిలబడ్డ మగవాళ్లు తమకు తెలియకుండానే ఇసకలో మడమలు తొక్కుతున్నారు. కామేశ్ తన చేతుల వైపు చూసుకున్నాడు. అవి ఒళ్లోనే ఉన్నాయి. చివరి అల దగ్గర ప్రతిధ్వని లేక ఆమె గొంతు పొడిగా ఆగిపోయింది. తల ఊపి, తువ్వాలు దులుపుకుని లేచాడు.

విశాఖపట్నం నుంచి అతను తిరిగి రాలేదు. వానలు మొదలయ్యే రోజుల్లో కబురు వచ్చింది.

మోహిని సంబరాలకు పాడుతూనే ఉంది. టెక్కలి నుంచి కొత్తగా కీబోర్డుకి వచ్చిన తిరుమల, ఆ చివరి చోటు ఒక్క నిమిషంలో సరిచేస్తానన్నాడు. "వొద్దు బావూ," అన్నది మోహిని. ఎర్ర లైటు వెలుగుతుండగా ఎవరైనా నాబ్ ముట్టుకుంటే పాత తిప్పుడు చెరిగి కొత్తది ఎక్కుతుందని ఆమెకు తెలుసు.

ప్రోగ్రాం లేని రోజుల్లో యంత్రం ఆర్కెస్ట్రా గదిలో, మడత విప్పిన గుడ్డ కింద ఉంటుంది. బెండు నాబ్ ఉన్నచోట గుడ్డ కొంచెం ఎత్తుగా లేస్తుంది. చివరి అలకు ప్రతిధ్వని ఇంకా ఎక్కించలేదు.