సున్నం లోటు కాదు

నేను చెంబుతో గోరువెచ్చటి నీళ్ళు పోస్తున్నాను. అమ్మ పీట మీద కూర్చుని, చాపిన కాళ్ళ మీద మా అక్క అర్చన కూతురిని బోర్లా పడుకోబెట్టి వీపు రుద్దుతోంది. పాపకు మూడు నెలలు. వీపు అయ్యాక వెల్లకిలా తిప్పి, కుడిచేతిని ఎడమకాలికి, ఎడమచేతిని కుడికాలికి చేర్చి సాగదీయడం మొదలుపెట్టింది. మా వైపు పసిబిడ్డలందరికీ అలాగే పోస్తారు. అక్కకూ నాకూ కూడా అమ్మే అలా పోసింది.

ఎండు కందికట్టె విరిగినట్టు చిన్న చప్పుడయింది. నాకు వినపడింది. అమ్మకు వినపడలేదు. ఆమెకు పదిహేనేళ్ళుగా చెవులు వినపడవు. క్వారీలో రాళ్ళు ఎత్తే రోజుల్లో బండలు పేల్చే తూటాల మోతకు పోయాయని ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం. పాప నోరు తెరిచి గుక్కపట్టడం చూసేలోగా అమ్మ ఆ కాలిని ఇంకొకసారి లాగింది.

"ఏందే, నీళ్ళు కాలినయ్యా?" అని నా మీద కసిరింది.

నరసరావుపేటలో ఎక్స్‌రే తీశారు. తొడ ఎముక విరిగింది. అంతేకాదు, పక్కటెముకల మీద పాత విరుగుళ్ళు అతుక్కున్న ముడులున్నాయని గుంటూరు పంపారు. అక్కడి డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోమనకుండానే అడిగింది.

"ఈ పిల్లను కొడుతున్నది ఎవరు?"

బావ వీరాంజనేయులు స్లాబులకు చువ్వలు కట్టే పని చేస్తాడు. "మూడు నెల్ల పిల్లని ఎవరు కొడతారమ్మా? మా అత్త నీళ్ళు పోసుద్ది, అంతే" అన్నాడు.

ఆమె టార్చి వేసి పాప కళ్ళు చూసింది. తర్వాత అక్క కళ్ళు, ఆ తర్వాత నావి చూసింది. ముగ్గురికీ తెల్లగుడ్డు మీద పలచటి నీలం ఉంది.

"మీ ఇద్దరికీ చిన్నప్పుడు ఎముకలు విరిగాయా?"

"నాకు కాలు. చెల్లికి చెయ్యి, రెండుసార్లు" అంది అక్క.

"ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే చెవుడు వచ్చిందా?"

అక్క నా చెయ్యి పట్టుకుంది. అమ్మ గది బయట బెంచీ మీద ఉంది.

"కాల్షియం తక్కువా అమ్మా?" బావ అడిగాడు. "మాది పిడుగురాళ్ల. సున్నపు బట్టీల మధ్యనే బతుకుతన్నాం. మాకు సున్నానికి కొదవేంది?" అని తనే కొంచెం నవ్వాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. "సున్నం లోటు కాదు. కొల్లాజెన్ అని ఒక ప్రొటీన్ ఉంటుంది. ఎముకలో, చర్మంలో, కంటి తెల్లగుడ్డులో, కీళ్ళ దగ్గర, ఒంటిని పట్టి ఉంచేది అదే. మీరు స్లాబులు కడతారు కదా. సిమెంటు ఎంత పోసినా లోపల చువ్వ సరిగ్గా లేకపోతే ఏమవుతుంది?"

"ఒంగదమ్మా. ఠకీమని ఇరిగిద్ది."

ఆ మాట అన్నాక బావ పాప వైపు చూసి తల తిప్పుకున్నాడు.

ఇది అమ్మ నుంచి మా ఇద్దరికీ, అక్క నుంచి పాపకు వచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. కొందరికి తక్కువగా, కొందరికి గట్టిగా వస్తుందట. అమ్మ చెవుడుకు కూడా చాలావరకు ఇదే కారణమట. ఎముకను కాస్త గట్టిపరిచే మందు ఎక్కిస్తారు. నయం చేసే మందు లేదు. "ఇంకా విరుగుతాయి. ఎత్తుకునేటప్పుడు కూడా విరగొచ్చు" అని చెప్పి మమ్మల్ని పంపేసింది.

ఇంటికొచ్చాక పక్కింటి తిరుపతమ్మత్త గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏమే కోటేశ్వరీ, పిల్లకి నీళ్ళు పోశావా, గుడ్డల్లే పిండావా?" అంది. అమ్మకు వినపడదు గాని పెదవులు చూస్తే అర్థమవుతుంది. వసారాలోకి వెళ్ళి కూర్చుంది.

ఆ రోజు నుంచి పాపను ముట్టుకోలేదు. అన్నం రెండు ముద్దలు తిని కంచం జరిపేసేది. "నా చేతులు పడిపోనూ" అని గోడకు చెప్పుకుంటున్నట్టు అనేది.

అక్క కాలికి కట్టుతో ఉన్న పాపను దిండు మీద ఉంచి తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తుంటే అన్నాను.

"అమ్మకి చెప్దామక్కా. తన చేతులది కాదని."

"చెప్పొద్దు. ఇప్పుడైతే ఒక్క పిల్లనే ఇరగ్గొట్టాననుకుంటంది. తన్నుంచే వచ్చిందని తెలిస్తే మనిద్దర్నీ కూడా కలుపుకుంటది." గుడ్డ పిండి ఆరేసింది. "నాకు తెలిసిందిగా, నేను పడతన్నా చాల్లే. అమ్మక్కూడా ఎందుకు?"



తొమ్మిదో రోజు మధ్యాహ్నం అమ్మ వసారా తలుపు సందులో కుడిచేతి వేళ్ళు పెట్టి, ఎడమచేత్తో తలుపు లాగబోతోంది. పరుగెత్తి పట్టుకున్నాను. తలుపుకూ గోడకూ మధ్య ఇద్దరం పెనుగులాడాం. ఆఖరికి ఆమె నేల మీద కూలబడింది.

అమ్మతో గట్టిగా మాట్లాడితే వీధంతా వింటుంది. పెదవులు చూస్తే చిన్న మాటలే అందుతాయి. అందుకని ముఖ్యమైనవి రాసి చూపిస్తాం. ఆమె ఐదు దాకా చదివింది. ఎక్స్‌రే కవరు మీద రాశాను: "నీ చేతులది తప్పు కాదు. పాప ఎముకలు పుట్టుకతోనే అలాంటివి. ఎవరు పోసినా విరిగేవే."

అమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుంది. రెండోసారి చదివింది.

"డాక్టరమ్మ అన్నదా?"

తలూపాను.

"నా మీద ఒట్టు?"

చేతిలో చెయ్యి వేశాను. అమ్మ పొడుగ్గా ఊపిరి వదిలింది. తొమ్మిది రోజుల తర్వాత ఆమె మొహం మొహంలా కనపడింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మరి ఆ ముండ రోగం యాడ్నుంచి వచ్చిందే?" అంది. నేను రాయకముందే తనే అందుకుంది. "ఆళ్ళ వైపుదే అయ్యుంటది. మీ బావ వాళ్ళమ్మ పోయినేడు జారిపడి తుంటి ఇరగ్గొట్టుకోలా? ఆళ్ళదేగా?"

ఒక్కసారి తలూపితే చాలు. సాయంత్రానికి తిరుపతమ్మత్తకు చెప్పేది, ఆ తర్వాత బావతో గొడవయ్యేది. అయినా అమ్మ అన్నం తినేది. ఇదంతా ఆలోచిస్తూ పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

"కావ్యా" అంది అమ్మ. గొంతు మారింది. "మన వైపుదా?"

నేను తల దించుకున్నాను.

"నాదా?"

ఆమె నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "నీక్కూడానా?"

ఈసారి అబద్ధం ఆడదామనే అనుకున్నాను. కన్నీళ్ళు ముందు వచ్చాయి.

అమ్మ నా గడ్డం వదిలేసింది. నేల మీద చెయ్యి ఆన్చి లేచింది. అప్పుడే అక్క పాపను దిండుతో సహా ఎత్తుకుని వసారాలోకి వచ్చి, మా ఇద్దర్నీ చూసి ఆగిపోయింది. అమ్మ వాళ్ళకు తగలకుండా గోడవారగా ఒదిగి, కొంగు భుజం మీదకు లాక్కుని, గుమ్మం దిగి వెళ్ళిపోయింది.