కదిలే పన్నుతో బేరం

ఆ ఏడాది మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: పాతికేళ్ళుగా పేరున్న మొక్కజొన్నల కొట్టు, అందులో గల్లాపెట్టె వెనక నా కుర్చీ, ఒక భార్య, ఒక అత్తగారు, ఒక బావమరిది, నోట్లో ఇరవై తొమ్మిది పళ్ళు, ఒంట్లో షుగరు. షుగరు నేను సంపాదించుకున్నదే అయినా ఆస్తిలో కలపడానికి మనసొప్పక చివర్లో పెట్టాను.

ఈ లెక్కలో అసలు పెట్టుబడి పళ్ళే. ఎందుకో చెప్పాలి. మొక్కజొన్న కొనేవాడికి గింజ ఎండిందా లేదా అన్నదే ప్రాణం. తడి గింజ కొట్లో దించుకుంటే వారంలో బూజు పడుతుంది. నేను బస్తాలోకి ఇనప గొట్టం గుచ్చి, నాలుగు గింజలు లాగి, కుడివైపు కింది దవడ పన్ను మీద పెట్టి కొరికేవాణ్ణి. టక్కుమంటే ఎండింది. చప్పుడు లేకుండా నలిగితే పచ్చిది. పాతికేళ్ళలో నా పన్ను ఒక్కసారీ తప్పు చెప్పలేదు. మార్కెట్లో నా ముఖం తెలియనివాళ్ళకి కూడా నా పన్ను తెలుసు.

అలాంటి పన్ను కింద చిగురు వాచింది. పళ్ళు తోముకుంటే నురగ ఎర్రగా వచ్చేది. తోమితే రక్తం వస్తోంది కాబట్టి తోమడం తగ్గించాను. వాడకం తగ్గిస్తే సరుకు ఎక్కువ కాలం వస్తుందన్నది నా వ్యాపార బుద్ధి. నెల తిరిగేసరికి నోరు వాసన, ఆ పైన పన్ను కదలడం. ఎవరికైనా చెబుతానా? నా పన్ను ఊగుతోందని మార్కెట్లో తెలిస్తే ఇక నా మాటకి విలువేముంటుంది? జేబులో నాలుగు లవంగాలు వేసుకుని నవ్వుతూ తిరిగాను.

ఈలోగా షుగరు తన దారిన తను పెరుగుతోంది. మూడు నెలల సగటు చూసే పరీక్షలో, ఏడు లోపు ఉండాల్సింది, ఎనిమిది పాయింట్ రెండు వచ్చింది. తీపి మానెయ్యమన్నాడు డాక్టరు. మానేశాను. మళ్ళీ చేయిస్తే ఎనిమిదిన్నర. తిండి సగం చేసి, పొద్దున్నే గంటసేపు నడిచాను. తొమ్మిది. ఆ కాగితం చూసి డాక్టరు నా వైపు చూడలేదు, మా ఆవిడ వైపు చూశాడు. మా ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపుల్లో నేను దొంగనైపోయాను.

ఇంటికొచ్చాక తీర్పు చెప్పింది.

"ఇంట్లో తినలేదంటారు, కొట్లో తినలేదంటారు. మరి ఈ అంకె గాలి పీల్చి పెరిగిందా? వచ్చే పరీక్షలో దిగకపోతే కొట్టు తాళాలు తమ్ముడికిచ్చి ఇంట్లో నా కళ్ళ ముందు కూర్చోండి. నాకు మీ కొట్టు కాదు, మీరు కావాలి."

 తాళాలు లేని నేనంటే చక్రం ఊడిన బండి అని ఆవిడకీ తెలుసు.

అప్పట్నుంచి ఇంట్లో దర్యాప్తు మొదలైంది. మా ఆవిడ పంచదార డబ్బాలో మట్టానికి బయట పెన్సిలు గీత గీసింది. లవంగం వాసన తగిలితే, ఏదో తిని వాసన కప్పిపుచ్చడానికే నములుతున్నానని తేల్చింది. దర్యాప్తులో అసలైన పనిమంతురాలు మాత్రం మా అత్తగారు. వంటింటి గోడ మీద చీమల బారు పోయే చోట మేకు కొట్టి, నా చొక్కా దానికి తగిలించి, ముక్కాలిపీట వేసుకుని ఎదురుగా కూర్చుంది. జేబులో తీపి పెట్టుకుని ఉంటే చీమలు పట్టిస్తాయని ఆవిడ ధీమా. చీమలు జేబు దాకా వచ్చి, లవంగం వాసనకి కాబోలు, పక్కకి తిరిగి వెళ్ళిపోయాయి. ఆ ఇంట్లో నా తరఫున సాక్ష్యం చెప్పినవి అవే. అత్తగారు ఆ సాక్ష్యం కొట్టిపారేసింది. అల్లుడు రోజూ జేబు కడుక్కుంటున్నాడే అని కూతురితో చెప్పింది.

కొట్లో ఇంకో గొడవ. మా బావమరిది తడి కొలిచే యంత్రం కొనుక్కొచ్చాడు. అన్నం క్యారియరంత ఉంటుంది. గిన్నెలో గింజలు పోసి, మూత బిగించి, మీట నొక్కితే నూటికి ఎన్ని పాళ్ళు తడో అంకె పడుతుంది. పద్నాలుగు దాటకపోతే కొనొచ్చు. నేను దాన్ని చూసి నవ్వి, దానికి పళ్ళెన్ని అని అడిగాను. వాడూ నవ్వాడు. కానీ వారం తిరిగేసరికి ఇద్దరికీ నవ్వు పోయింది. ఏ సరుకొచ్చినా నా పన్నుకి మెత్తగా తగులుతోంది. యంత్రం పన్నెండు అంటే నేను పచ్చిది అంటున్నాను. వచ్చిన రైతుని వచ్చినట్టే తిప్పి పంపుతున్నాను. వాళ్ళు తిన్నగా ఎదురు కొట్టుకి వెళుతున్నారు. పన్నే చిగుళ్ళలోకి దిగబడుతుంటే గింజ గట్టిగా ఎలా తగులుతుంది? ఆ సంగతి తట్టలేదు నాకు. ఈ ఏడు వానలెక్కువ, పంటంతా తడిసిందని నలుగురికీ చెప్పుకుంటూ కూర్చున్నాను.

"బావా, తడి గింజలో లేదేమో. ఇంకెక్కడైనా ఉందేమో చూసుకో" అన్నాడు బావమరిది ఒకసారి. నేను ఇంకో బస్తాలోకి గొట్టం గుచ్చాను.

షుగరు పరీక్షకి ఇంకా మూడు నెలలుందనగా, ఇరవై ఏళ్ళుగా నాకే సరుకు వేస్తున్న పెద్ద రైతు నలభై బస్తాలతో వచ్చాడు. ఆ పూట మా ఆవిడ కూడా కొట్లోనే ఉంది, నా సొరుగు సోదా చెయ్యడానికి. నేను గింజ కొరికి పచ్చిదన్నాను. యంత్రం పన్నెండు అంది. రైతు తన నోట్లో ఒక గింజ వేసుకున్నాడు. టక్కుమంది. కొట్టంతా వినిపించింది.

నాకు పౌరుషం వచ్చింది. ఐదారు గింజలు ఒకేసారి దవడకి పెట్టి, కళ్ళు మూసుకుని బలమంతా పెట్టి కొరికాను. కసుక్కుమంది.

"విన్నారుగా. ఎండిన గింజ కసుక్కుమంటుందా?" అని, నోట్లో ఉన్నదంతా యంత్రం గిన్నెలో ఉమ్మాను. మా బావమరిది పంతం కొద్దీ పైన ఇంకో గుప్పెడు గింజలు పోసి మూత బిగించి మీట నొక్కాడు. యంత్రం అంకె చూపలేదు. కీచుమంటూ మొరాయించింది. నేను మీసం తిప్పాను.

గిన్నె బల్ల మీద బోర్లించారు. పసుపు రంగు గింజల మధ్య పసుపు రంగు గింజే ఒకటి, కాస్త పెద్దది, అడుగున రెండు వేళ్ళున్నది, ఎర్రగా తడిసింది. రైతు దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఈ రకం మా చేలో పండదు షావుకారుగారూ."

బావమరిది బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు వంగి, చాలాసేపు లేవలేదు. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. గడ్డం పట్టుకుని నా నోరు తెరిపించి లోపలికి చూసింది. ఇన్నాళ్ళూ నా జేబులూ సొరుగులూ వెతికిన మనిషి, నోట్లోకి చూడటం అదే మొదటిసారి. చూసి, చెయ్యి పట్టుకుని నన్ను లాక్కుపోయింది.

పళ్ళ డాక్టరమ్మ చాలా చిన్న మనిషి. పీట మీద నిలబడి నా నోట్లోకి తొంగి చూసింది. సన్నటి పుల్లతో ఒక్కో పన్ను చుట్టూ లోతు కొలిచి, నర్సుకి అంకెలు చెబుతుంటే నాకు లారీలు తూచే ధర్మకాటా దగ్గర నిలబడ్డట్టనిపించింది. కొలత పూర్తయ్యాక షుగరు ఉందా అని అడిగింది. మా ఆవిడ కాగితాలు ముందు పడేసి, ఈయన దొంగతనంగా తీపి తింటున్నాడని కూడా చెప్పింది.

"తింటున్నారో లేదో నాకు తెలీదమ్మా. చిగుళ్ళ లోపలున్న పుండంతా ఒకచోట పరిస్తే ఈయన అరచెయ్యంత ఉంటుంది. చేతి మీద అంత పుండుంటే కట్టు కట్టకుండా ఏడాది కొట్లో కూర్చునేవారా?"

నేను తల అడ్డంగా ఊపాను. నోట్లో దూది ఉంది.

తరవాత ఆవిడ నిదానంగా చెప్పింది. చిగుళ్ళలో చీముంటే ఒళ్ళంతా దానితో పోరాడుతూ ఉంటుందట. ఆ పోరులో షుగరు లొంగదట. షుగరు లొంగకపోతే పుండు మానదట. గుండెకి కూడా అది మంచిది కాదట. నాకు నా భాషలో అర్థమైంది: ఇద్దరు దివాలాకోరులు ఒకడికొకడు జామీను పడ్డారు. ఒకణ్ణి పట్టుకుంటే రెండోవాడు విడిపిస్తున్నాడు. ఇద్దర్నీ ఒకేసారి పట్టాలి. షుగరు మాత్రలు మానొద్దనీ, పథ్యం వదలొద్దనీ, ఇది వాటికి బదులు కాదనీ మరీ మరీ చెప్పింది. గింజలు కొరకడం మాత్రం ఆ పూటతో సరి.

నాలుగు వారాలు నాలుగు దఫాలుగా చిగుళ్ళ కింది గారంతా గీకింది. నేను రెండు పూటలా మెత్తటి బ్రష్షుతో తోముకున్నాను, పళ్ళ సందుల్లో దారం లాగాను. నేను దారం లాగుతుంటే అత్తగారు ముక్కాలిపీట తెచ్చుకుని ఎదురుగా కూర్చునేది, చీమల్ని చూసినట్టే. పదో రోజుకి తనకీ ఒక దారం కండె తెమ్మంది.

మా ఆవిడ షరతు మాత్రం సడలించలేదు. పన్ను వేరు, అంకె వేరు అంది. మూడు నెలలకి పరీక్ష చేయించాం. ఏడు పాయింట్ తొమ్మిది. డాక్టరు ఈసారి నా వైపే చూశాడు. ఇంకా దిగాలన్నాడు గానీ, దారిలో పడ్డావన్నాడు. ఇంటికొచ్చాక మా ఆవిడ పంచదార డబ్బా మీది గీతని తడిగుడ్డతో తుడిచేసింది. క్షమించమని అడగలేదు, నేనూ అడిగించుకోలేదు. తాళాలు నా నడుముకే ఉన్నాయి.

ఇప్పుడు కొట్లో యంత్రమే తడి కొలుస్తుంది. మొదట్లో రైతులు దాన్ని నమ్మలేదు, షావుకారు పన్ను చెబితేనే నమ్ముతామన్నారు. అందుకని ఊడిన పన్నుని కడిగి, చిన్న గాజు సీసాలో వేసి, యంత్రం మూత మీద అతికించాం. అప్పట్నుంచి పేచీ లేదు.

చివరి లెక్క: పోయింది ఒక పన్ను, ఏడాది పాటు నా పరువు. మిగిలినవి ఇరవై ఎనిమిది పళ్ళు, ఒక్కటీ కదలడం లేదు. షుగరు ఒక పాయింటుకి పైగా దిగింది. తాళాలు, కుర్చీ నిలిచాయి, భార్య నమ్మకం చేతికొచ్చింది. ఊడిన పన్ను కూడా ఖాళీగా లేదు, రోజూ నాకంటే ముందే కొట్టుకొచ్చి కూర్చుంటోంది.