ఒక వేలెడు పైకి

రొట్టెలు పొయ్యిలోంచి తీసి, అరల్లో సర్ది, చేతులకంటిన పిండి కడుక్కున్నాక ఉబాల్దో రోజూ చేసే పని ఒకటే. గోడకి ఆనించి ఉన్న సైకిలు తీసి, కొండ మీది తెల్లమట్టి రోడ్డున వంతెన దాకా తొక్కి, తిరిగొచ్చి భోజనానికి కూర్చునేవాడు. ఆ సైకిలు వాళ్ళ నాన్నది. ముదురాకుపచ్చ రంగు, సన్నటి ఉక్కు గొట్టాలు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు. వాళ్ళ కొండ ఊరు మోంతెరోంకోలో ఇలాంటి పాత సైకిలు లేని ఇల్లు లేదు. కానీ ఎత్తు ఎక్కేటప్పుడు దీనంత తేలిగ్గా కదిలేది మరొకటి లేదని సాటివాళ్ళు కూడా ఒప్పుకునేవాళ్ళు. దాన్ని తయారుచేసిన ముసలి బర్నబా ఎప్పుడో పోయాడు. అతని కొడుకు ఎజీదియో అదే కొట్లో కూర్చుని ఊరి సైకిళ్ళన్నీ బాగుచేస్తుంటాడు. ఉబాల్దో, ఎజీదియో ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు.

అక్టోబరు చివరి ఆదివారం ఊరంతా పాత సైకిళ్ళ మీద కొండ చుట్టి వస్తుంది. దానికి ముందు ప్రతి ఒక్కరూ సైకిలు ఎజీదియోకి అప్పగిస్తారు. అతను విప్పి, కడిగి, గ్రీజు పెట్టి, రంగు లేచిపోయిన చోట కొత్త రంగు వేసి ఇస్తాడు. ఆ ఏడు కూడా ఉబాల్దో అలాగే ఇచ్చి, అలాగే తెచ్చుకున్నాడు. తెచ్చుకున్న రోజే వంతెన దగ్గర మలుపు తిరుగుతుంటే మోకాలు వెళ్ళి మోచేతికి తగిలింది.

అతను దిగి సైకిల్ని చూశాడు. తర్వాత తన కాళ్ళని చూసుకున్నాడు.

మోంతెరోంకోలో తన మనిషిని మోసం చేసినవాడు ఒక వేలెడు పొడుగెదుగుతాడు. ఎదిగేది కాళ్ళే. పాదాలు, చేతులు, తల ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి కాబట్టి చెప్పులు కుట్టేవాడికి దానివల్ల బేరమేమీ పెరగలేదు. ఎదిగినవాడు మళ్ళీ తగ్గడు. ఊరి పెద్ద ప్రతి ఎన్నిక తర్వాత కాస్త కాస్త సాగి, ఇప్పుడు తన ఇంటి గుమ్మంలోంచే తల పక్కకి వాల్చి దూరుతున్నాడు. దీన్ని గురించి ఎవరూ మాట్లాడరు. ఎవర్ని మోసం చేశావని అడగటం అక్కడ మర్యాద కాదు. ఎదిగినవాడు ఎజీదియో కొట్టుకి వెళ్ళి సీటు ఎత్తించుకుంటాడు, సీటు కింద కొత్తగా బయటపడ్డ రాడ్డు మెరుపు ఊరంతా చూస్తుంది. అక్కడితో సరి. ఇక బట్టల కొలత మాత్రం ఎవరూ నమ్మరు. బట్ట ఉతికితే ముడుచుకుంటుంది, వేసుకుంటే సాగుతుంది. ఉక్కు మాత్రం అబద్ధం చెప్పదని వాళ్ళ నమ్మకం.

ఆదివారం అందరికంటే ముందు ఎర్రగుడ్డ కట్టుకుని తొక్కే గౌరవం ఎన్నో ఏళ్ళుగా సీటు కదలనివాడికి దక్కుతుంది. ఆ ఏడు ఆ వంతు ఉబాల్దోది.

కొట్టుకి వెళ్ళేసరికి ఎజీదియో నేల మీద గొంతుకూర్చుని ఎవరిదో చక్రం సరిచేస్తున్నాడు.

"మోకాలు తగులుతోందిరా," అన్నాడు ఉబాల్దో.

ఎజీదియో తలెత్తలేదు. "ఎత్తుదాంలే. ఎక్కి కూర్చో."

ఉబాల్దో గోడ పట్టుకుని సీటెక్కాడు. మడమ పెడలు మీద ఆనించి కాలు చాపమన్నాడు ఎజీదియో. కాలు నిటారుగా రావాలి, రాలేదు, మోకాలు మడతపడే ఉంది. సీటు రాడ్డు ఒక వేలెడు పైకి లాగి బోల్టు బిగించాడు.

"ఒరేయ్, నేనెవర్నీ ఏమీ చెయ్యలేదురా," అన్నాడు ఉబాల్దో.

"నేనడిగానా? ఇంతమంది వస్తారు, ఎవర్నైనా ఎప్పుడైనా అడిగానా?"

బయట బెంచీ మీద కూర్చుని ఉన్న సెత్తీమియో తాత మెరుస్తున్న రాడ్డు వైపు ఒక్కసారి చూసి, వెంటనే చర్చి గంటలో ఏదో వింత కనిపించినట్టు అటు తిరిగాడు.

ఇంటికెళ్ళేసరికి అతని భార్య నివేస్ చిక్కుడు గింజలు ఉడికిస్తోంది. సైకిలు గోడకి ఆనించిన చప్పుడుకి కిటికీలోంచి చూసింది. పళ్ళెం పెట్టింది, నీళ్ళు పోసింది, తన పళ్ళెం మాత్రం తీసుకెళ్ళి పొయ్యి పక్కన నిలబడి తింది. ఉబాల్దో పళ్ళెం పక్కకి జరిపాడు. పంట్లాం కొస పట్టుకుని, చూడు, బూటుకి ఎక్కడ తగిలేదో ఇవాళా అక్కడే తగులుతోంది కదా అని చూపించాడు.

"ఉన్ని సాగుతుంది," అంది నివేస్.

"నివేస్, నా మొహం చూసి మాట్లాడు."

"నేనేమన్నా అన్నానా?" అని ఆమె గిన్నె కడగడానికి వెళ్ళిపోయింది.

సీటు లేచాక హ్యాండిలు మరీ కిందైపోయింది. ఉబాల్దో వీపు విల్లులా వంగి, మధ్యాహ్నానికి నడుం పట్టేసేది. మళ్ళీ ఎజీదియో దగ్గరికి వెళ్ళాడు. అతను హ్యాండిల్ని పట్టి ఉంచే మెడ తీసేసి ఇంకా పొడుగుదీ ఎత్తుదీ వేశాడు, సీటుని పట్టాల మీద వెనక్కి జరిపాడు, మోకాలి చిప్ప దగ్గర్నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీసి అది పెడలు ఇరుసు మీదికి వస్తోందో లేదో చూశాడు. ఇదంతా వంగే చేశాడు. నువ్వు మళ్ళీ ఎదిగావురా, నన్నేం చెయ్యమంటావు అని మాత్రం మెల్లగా అన్నాడు. ఆ మాట బెంచీ దాకా వెళ్ళింది. బెంచీ నుంచి రొట్టెల కొట్టుకి వచ్చేవాళ్ళ దాకా వెళ్ళింది. ఎర్రగుడ్డ ఈసారి వేరేవాళ్ళకిస్తున్నామని చెప్పడానికి ఎవరూ రాలేదు. ఉబాల్దోకి తెలుస్తూనే ఉంది.

వీపు కాస్త తేలికపడిన రోజునే నివేస్ సంచీ సర్దుకుంది. కింద ఊళ్ళో అక్కకి ఒంట్లో బాగోలేదంది. ఆ అక్కని అంతకుముందు రోజే ఉబాల్దో సంతలో చూశాడు. పుట్టగొడుగుల బుట్ట నెత్తిన పెట్టుకుని దుకాణదారుతో గట్టిగా పోట్లాడుతోంది. ఆ సంగతి అతను అనలేదు. గుమ్మం దాకా సంచీ మోసి ఇచ్చాడు.

ఆ వారమంతా రొట్టెలు సరిగ్గా పొంగలేదు. సైకిలు మీద వెళ్ళబుద్ధి కాకపోయినా, ఇంట్లో ఒక్కడే కూర్చోలేక వెళ్ళేవాడు. ఒకరోజు వంతెన దగ్గర నెమ్మదిగా మలుపు తిప్పుతుంటే బూటు మొన ముందు చక్రానికి రాసుకుని పడబోయాడు. లేచి దుమ్ము దులుపుకున్నాడు. మళ్ళీ ఎక్కి అదే మలుపు కావాలని తిప్పాడు. మళ్ళీ తగిలింది. ఇన్నేళ్ళలో ఆ బూటు ఎప్పుడూ ఆ చక్రానికి తగల్లేదు.

అతను రోడ్డు పక్క రాతి మీద కూర్చుని తన పాదాల వంక చూస్తూ ఉండిపోయాడు. కాళ్ళు ఎదిగాయనే అనుకుందాం. మరి పాదాలు ఎదగవు కదా. పెడలుకీ చక్రానికీ మధ్య ఉన్న జాగా తగ్గిందంటే, తగ్గింది సైకిలే.

కొట్టుకి తిరిగొచ్చి, ఏమీ అనకుండా, ఇంకాస్త ఎత్తమన్నాడు. ఎజీదియో రాడ్డు లాగి, ఇంతకు మించి లాగకూడదని దాని మీద గీసిన గీత దగ్గర ఆపాడు. ఎక్కి కూర్చోమన్నాడు. ఉబాల్దో ఎక్కాడు. ఎజీదియో బోల్టు బిగిస్తూ వంగి ఉన్నాడు.

"ఎజీదియో, నిలబడు."

"నడుం నొప్పిరా."

"నిలబడమన్నాను."

ఎజీదియో నిలబడ్డాడు. చిన్నప్పట్నుంచీ ఉబాల్దో భుజం దాటనివాడు, సీటు మీద అంత ఎత్తున కూర్చున్న ఉబాల్దో కళ్ళలోకి సూటిగా చూస్తున్నాడు. పొడుగాటి ఏప్రను కింద పంట్లాం పిక్కల దాకా లేచిపోయి ఉంది. కొన్ని వారాలుగా అతను నిలబడి ఉండగా ఊళ్ళో ఎవరూ చూడలేదు.

ఉబాల్దో సైకిలు దిగాడు. "ఇది నీది," అన్నాడు. "చిన్నప్పుడు నువ్వు తొక్కింది. దానికి మా నాన్న సైకిలు రంగు వేశావు."

ఎజీదియో ఏడవడం మొదలుపెట్టాడు. ఏడుస్తూనే అటక మీద గోనెపట్టా లాగాడు. ఉబాల్దో నాన్న సైకిలు, ఆ ముదురాకుపచ్చ ఫ్రేము, అక్కడ ఉంది.

"మా నాన్న మీ నాన్న కాలు కొలిచాడు, చెయ్యి కొలిచాడు, నడుం కొలిచాడు. నెల్లాళ్ళు దీనికే కూర్చున్నాడు. నన్ను ఒక్కసారి కూడా కొలవలేదురా. మిగిలిపోయిన గొట్టాలు అతికించి ఇదుగో తొక్కుకో అన్నాడు. ఒక్కరోజు తొక్కి ఇచ్చేద్దామనుకున్నాను. కాళ్ళు అందలేదు. నువ్వొచ్చి సీటు ఎత్తమన్నావు, ఎత్తాను. ఆ సాయంత్రం చూస్తే కాస్త అందింది."

"మళ్ళీ వచ్చాను."

"ఇంకాస్త అందింది."

"ఇప్పుడు?"

ఎజీదియో తల దించుకున్నాడు. "సరిపోతుంది."

ఉబాల్దోకి కోపం రావాల్సింది. చెయ్యెత్తి కొట్టాల్సింది కూడా. కానీ అతని నోట్లోంచి వచ్చింది ఒకటే మాట. "నివేస్ వెళ్ళిపోతుంటే నువ్వు ఈ గుమ్మంలోంచే చూశావు కదరా."

ఎజీదియో మళ్ళీ అటక వైపు తిరిగాడు. పచ్చటి ఫ్రేము కిందికి దింపబోతే ఉబాల్దో వద్దన్నాడు. నీ కొలతకి వచ్చిందాన్ని నేనేం చేసుకోను అని, చిన్న సైకిలే తీసుకుని బయటికి నడిచాడు. వెనకాలే ఎజీదియో గుమ్మం దాకా వచ్చి, వంగకుండా నిలబడ్డాడు. బెంచీ మీదివాళ్ళు చూశారు. చీకటి పడకముందే ఎవరో వచ్చి రొట్టెల కొట్టు తలుపుకి ఎర్రగుడ్డ కట్టి వెళ్ళారు.

శనివారం మధ్యాహ్నం నివేస్ తిరిగొచ్చింది. కబురు కింద ఊరి దాకా చేరినట్టుంది. సంచీ దించి, పొయ్యి చూసి, బూడిద పేరుకుపోయిందని విసుక్కుంది. ఉబాల్దో జరిగిందంతా చెప్పాడు. ఆమె అంతా విని అతని చెయ్యి పట్టుకుంది.

"నేనొక్క రోజు కూడా నమ్మలేదు, ఉబాల్దో. నిజంగా అక్కకి బాగోకే వెళ్ళాను."

ఆ మాట కోసమే అతను అన్ని రోజులూ ఎదురుచూశాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

పొద్దున్నే బయట సైకిలు గంటలు మోగుతున్నాయి. నివేస్ ఎర్రగుడ్డ తీసుకుని అతని మెడకి కట్టడానికి వచ్చింది. పెళ్ళైన దగ్గర్నుంచీ అతని మెడ దగ్గర ఏ గుండీ పెట్టాలన్నా ఆమె మునివేళ్ళ మీద లేచేది. ఇవాళ లేవలేదు. పాదాలు నేలకి ఆనే ఉన్నాయి, చేతులు సులువుగా మెడ వెనక్కి వెళ్ళాయి, ఆమె ఊపిరి అతని గడ్డానికి తగిలింది. ఆమెకీ తెలిసింది. ముడి వేస్తూనే మెల్లగా మోకాళ్ళు వంచింది.

ఉబాల్దో ఆమె చేతులు తీసేశాడు. "వంగకు," అన్నాడు. "వంగేవాళ్ళని చాలా రోజులుగా చూస్తున్నాను."

ముడి తనే వేసుకుని బయటికి వెళ్ళాడు. అందరికంటే ముందు, తనకి చిన్నదైన సైకిలు మీద, మోకాళ్ళు చేతులకి తగలకుండా చూసుకుంటూ వంతెన దాకా తొక్కాడు. అక్కడ దిగి, ఎర్రగుడ్డ విప్పి, వెనకే వస్తున్నవాడి మెడలో వేశాడు. వాళ్ళు కొండ చుట్టూ తిరిగే దారి పట్టారు. అతను మైదానంలోకి దిగే రోడ్డు పట్టాడు.

ఇప్పుడతను కింద పట్నంలో రొట్టెలు కాలుస్తున్నాడు. మోంతెరోంకో అలవాటు ప్రకారం ఉప్పు లేకుండానే కాలుస్తాడు, ఉప్పెందుకు వెయ్యవని అక్కడివాళ్ళు రోజూ పేచీ పెడతారు. మనుషులు ఎన్ని అబద్ధాలాడినా అక్కడ ఎవరి ఎత్తూ మారదు. మొదట్లో అతనికి అది ఎంతో విశ్రాంతిగా అనిపించింది. తర్వాత భయమేసింది. ఎదుటివాడు సరుకు తెచ్చాననో, రేపొస్తాననో అంటే నిజమో కాదో తెలుసుకోవడానికి అతని దగ్గర ఏ కొలతా లేకపోయింది.

చెస్ట్‌నట్ కాయల కాలం అయిపోయి చలి ముదిరాక ఒక పొద్దున బస్సు దిగి నివేస్ కొట్లోకి వచ్చింది. చలికి ముక్కు ఎర్రబడి ఉంది. బల్లకి అవతల నిలబడింది.

"నమ్మాను," అంది. "మొదటి రోజే నమ్మాను. రాడ్డు మెరుస్తుంటే చూసి నమ్మాను. నమ్మలేదని చెప్పింది అబద్ధం. ఇది మాత్రం నిజం."

ఉబాల్దో కళ్ళు అలవాటుగా ఆమె పాదాల వైపు వెళ్ళాయి, గౌను అంచు వైపు వెళ్ళాయి. అక్కడ తెలిసేదేమీ లేదు. అందుకని అతను చేతిలో పిండి కింద పెట్టి, ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి, ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు.