చివరి దెబ్బ

ఆ పిల్లను ఇంట్లో అందరూ గుసగుస అని పిలిచేవారు. పక్కనే కూర్చున్నవాళ్ళకు కూడా రెండోసారి అడిగితే తప్ప ఆమె మాట వినపడేది కాదు. పదిహేడేళ్ళు నిండి, వైరింగ్ కోర్సులో చేరాక కూడా ఆ పేరు ఆమెను వదల్లేదు.

తండ్రి కరెంటు మేస్త్రీ. పాతికేళ్ళుగా ఇళ్ళకు వైర్లు లాగుతున్నాడు. గోడ మీద వైరు నిలపడానికి క్లిప్పు పెట్టి మేకు దిగ్గొట్టేటప్పుడు మిగతావాళ్ళు రెండు దెబ్బలతో ఆపేస్తే, ఆయన మూడోది కూడా వేసేవాడు. "అది నా సంతకం. గోడ కూలినా వైరు కదలదు" అనేవాడు.

ఇంటి వెనక నాయనమ్మ కోసం కొత్త గది వేసి, దానికీ ఆయనే వైరింగ్ చేశాడు. వైర్లు పైకి కనపడకుండా గోడ పొడుగునా చెక్క పలకలు బిగించాడు. నాయనమ్మకు మోకాళ్ళు పట్టేసి చాలా కాలమైంది. ఆమె మంచం దిగాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా గుసగుసకు ఒకటే బెంగ. ఆ పలకల వెనక నిప్పు పుడితే, ఇద్దరు మనుషులు వచ్చేదాకా అది ఆగుతుందా?

ఆ బెంగకు మందు తండ్రి సొరుగులోనే ఉంది. సామాన్ల కొట్టతను శాంపిల్‌గా ఇచ్చిన ఆర్క్ ఫాల్ట్ బ్రేకరు అట్టపెట్టె కూడా విప్పకుండా పడి ఉంది. నలిగిన వైరులోనో వదులైన బిగింపులోనో కరెంటు సందు దూకి రవ్వలు పుట్టిస్తుంటే, అది పసిగట్టి లైను ఆపేస్తుంది.

"ఎంసీబీ ఉంది. షాకు కొట్టకుండా లీకేజీ బ్రేకరు ఉంది. మళ్ళీ ఇదెందుకు? ఒక్క ముసలమ్మకు ముగ్గురు కాపలానా?" అన్నాడు తండ్రి.

"ఎంసీబీ కరెంటు ఎక్కువైతేనే పడుతుంది. లీకేజీదేమో కరెంటు దారి తప్పితేనే పడుతుంది. రవ్వలు ఆ రెండిటికీ కనపడవు నాన్నా."

"ఏంటీ?"

"రవ్వలు కనపడవు అంటున్నా."

"పని సరిగ్గా చేసినవాడికి రవ్వలు రావు. పని రానివాళ్ళ కోసం కనిపెట్టారు ఆ పెట్టెను."

మర్నాడు ఆయన పనికి వెళ్ళగానే గుసగుస మెయిన్ ఆపి, బోర్డు విప్పి, నాయనమ్మ గది లైనుకు దాన్ని బిగించింది. సాయంత్రం తండ్రి వచ్చి బిగింపులన్నీ ఒక్కొక్కటే లాగి చూశాడు. వంక దొరకలేదు. "ఉండనీ, అలంకారానికి" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

అలంకారం చలి వచ్చేదాకానే సాగింది. నాయనమ్మ కాళ్ళ దగ్గర హీటరు వేసిన కాసేపటికే బ్రేకరు టప్పున పడింది. ఎత్తితే మళ్ళీ పడింది. మూడు రోజులు అదే తంతు.

నాలుగో రోజు వంటింటి కొళాయి బాగుచేయడానికి ప్లంబర్ బాబాయ్ వచ్చాడు. తండ్రికి చిన్ననాటి స్నేహితుడు, నోరు ఊరుకోని మనిషి.

"అన్నా, నీ ఇంట్లోనే కరెంటు నిలవడం లేదంటగా. నా పైపు చుక్క కారితే మాత్రం వీధంతా చాటింపు వేస్తావు."

తండ్రి ముఖం కందగడ్డయింది. స్క్రూడ్రైవర్ తీసుకుని బోర్డు వైపు నడిచాడు. "దొంగ లేకపోయినా మొరిగే కుక్క ఇది. పీకి పారేస్తా."

గుసగుస ఆయనకంటే ముందే వెళ్ళి బోర్డుకు వీపు ఆనించి నిలబడింది.

"తప్పుకో."

"తప్పుకోను."

"ఎవరే ఆ మాట్లాడేది?" అని గదిలోంచి నాయనమ్మ అడిగింది.

గుసగుస కదల్లేదు. "కుక్క మొరిగితే కుక్కను తరుముతావా నాన్నా? గోడ వైపు ఒక్కసారి చూడవా?"

"హీటరు పాతది. అదంతా దాని గోల."

"బ్రేకరు నుంచి వేరే వైరు లాగి అదే హీటరు పెట్టి చూశాను. పడలేదు. గదిలో ప్లగ్గుకు ఇస్త్రీపెట్టె పెట్టాను. పడింది. తప్పు హీటరుది కాదు, బ్రేకరుదీ కాదు. మధ్యలో వైరుది."

"నిన్న గాక మొన్న కటింగ్ ప్లయర్ పట్టుకున్నావు. నా పనిని తనిఖీ చేస్తావా?"

"చేస్తాను. పలకలు విప్పుతాను. ఏమీ లేకపోతే దీన్ని నా చేత్తోనే తీసేసి కోర్సు మానేస్తాను."

"విప్పనీరా" అంది నాయనమ్మ. "అంటుకుంటే ముందు కాలేది నేను. నన్నడక్కుండా మీలో మీరే పంతాలేంటి?"

మెయిన్ ఆపారు. గుసగుస పలకలు విప్పుతుంటే ప్లంబర్ బాబాయ్ టార్చి పట్టుకున్నాడు. తండ్రి చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఒకటి, రెండు, మూడు... ఆరు క్లిప్పుల దాకా వైరు నున్నగా ఉంది. తండ్రి గొంతు సవరించుకున్నాడు.

ఏడోది మూల మలుపులో ఉంది. క్లిప్పు వైరు తొడుగును కొరికి లోపలికి దిగిపోయింది. దాని చుట్టూ గోరంత మేర తొడుగు గోధుమరంగుకు తిరిగింది. ఎదురుగా పలక లోపలివైపు నల్లగా మాడింది. కాలిన ప్లాస్టిక్ కంపు గుప్పుమంది.

తండ్రి వంగి ఆ మచ్చను వేలితో రుద్దాడు. వేలికి మసి అంటింది.

"క్లిప్పు నాసిరకం" అన్నాడు.

"క్లిప్పుది కాదు నాన్నా. చివరి దెబ్బది."

"సంతకం గట్టిగానే పెట్టావన్నా" అని ప్లంబర్ బాబాయ్ నవ్వాడు.

గుసగుస అతని వైపు తిరిగింది. "బాబాయ్, మీ ఇంటికి వైరింగ్ ఎవరు చేశారు?"

నవ్వు సగంలో ఆగిపోయింది. "ఇంకెవరు? పిల్లల గదికి పలకలు కూడా..." మాట పూర్తి చేయకుండానే టార్చి మంచం మీద పడేసి, మెయిన్ ఆపడానికి ఇంటికి పరుగెత్తాడు.

తండ్రి ఆ మసి వేలిని చొక్కాకు తుడుచుకున్నాడు. "ఈ ముక్క మార్చేద్దాం. వాడి ఇంట్లోదీ చూద్దాం. అంతటితో ఆపేయ్."

"పాతికేళ్ళ ఇళ్ళు నాన్నా. ఎక్కడెక్కడ మూల తిప్పావో నీకే తెలుసు."

"గడప గడపకూ వెళ్ళి నా పరువు నేనే తీసుకోమంటావా?"

"నువ్వు చెప్తే పరువు నిలుస్తుంది. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. నేను మెల్లిగా చెప్పినా వింటారు."

ఆయన మాడిన పలకను కాలితో పక్కకు నెట్టాడు.

"ఊళ్ళో ఇళ్ళన్నీ సరే" అంది నాయనమ్మ, దుప్పటి గడ్డం దాకా లాక్కుంటూ. "ముందు నా హీటరు సంగతి తేల్చి కదలండి. ఇల్లు కాలాక నుయ్యి తవ్వే బాధ నాకు తప్పింది, ఈ చలి బాధ కూడా తప్పించండి."

తండ్రి కాలిన ముక్క కోసేసి, ప్లగ్గు దాకా కొత్త వైరు పరిచాడు. మలుపు దగ్గర క్లిప్పు పట్టుకుని, రెండో చేత్తో సుత్తి కూతురికి అందించాడు. గుసగుస కొట్టింది. ఒకటి. రెండు. సుత్తి దించేసింది.

"ఇంకొక్కటి" అన్నాడు ఆయన, పాతికేళ్ళ అలవాటు మీద.

"కొట్టను" అంది గుసగుస.

ఆయన క్లిప్పును గోటితో కదిపి చూశాడు. కదల్లేదు. తలుపు పక్కనున్న సామాన్ల సంచి భుజానికి తగిలించుకున్నాడు. "మిగతావి నువ్వు కొట్టి రా. నేను సామాన్ల కొట్టు దగ్గర ఉంటా. అలా మొరిగే పెట్టెలు ఇంకెన్ని ఉన్నాయో అడగాలి."