వడపోత కాగితం కింద పడలేదు

కిటికీ గట్టు తుడిస్తే గుడ్డ నల్లబడింది. పొద్దున తుడిచిందే. బొగ్గు గనిలో పేలుడు పెట్టినప్పుడల్లా ఆస్ట్రేలియాలోని ఈ హంటర్ లోయలో ఆడవాళ్ళందరికీ ఇదే పని. అయినా మా అత్తగారు వచ్చినప్పుడల్లా ఆ గట్టు మీద వేలు రాసి చూసుకుని, "ఏమ్మా నరెల్, ఇవాళ తీరిక దొరకలేదా?" అంటుంది. ఆవిడ కొడుకు ఆ గనిలో నడిపే లారీ లేపిన దుమ్మే అది. సిగ్గు మాత్రం నాది. ఇన్నేళ్ళూ "సారీ అత్తయ్యా" అంటూనే వచ్చాను. తలుచుకుంటే నా మీద నాకే రోత.

అదే గని ఆఫీసులో నా ఉద్యోగమూ దుమ్ముతోనే. బడి కంచె దగ్గర గాలిని పీల్చే యంత్రం ఉంది. అందులోని వడపోత కాగితాన్ని పట్టకారుతో తీసి ల్యాబుకు పంపి, చేసిన ప్రతి పనీ రికార్డులో రాయాలి. దానితోపాటు ఇంకో ఖాళీ కాగితం తీసుకెళ్ళి, గాలి పట్టించకుండానే తిరిగి తెస్తాను. అది బరువు పెరిగితే మురికి నా చేతులది. పెరగకపోతే బడి కాగితం మీది మురికి గాలిదే.

ఈసారి ఖాళీ కాగితం వెళ్ళినట్టే వచ్చింది. బడి కాగితం మీద మాత్రం దుమ్ము హద్దు దాటింది. మేనేజర్ వార్విక్ తలుపు మూశాడు.

"జారి కింద పడిందని రాసెయ్ నరెల్. ఆ రోజు లెక్కలోకే రాదు."

"పడలేదుగా."

"ఆడవాళ్ళు, సవాలక్ష పనులు. ఎవరూ ఏమీ అనుకోరులే." నాకేదో మేలు చేస్తున్నట్టు నవ్వాడు.

ఇంట్లో మా ఆయన క్రెయిగ్ సాసేజీల మీద టొమాటో సాస్ పిండుకుంటూ, "ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయిందే? ఇంట్లో రోజూ సారీ చెప్తూనే ఉంటావుగా. నా ఉద్యోగం కూడా అక్కడేనమ్మా తల్లీ!" అన్నాడు. మొగుడి చొక్కాలు నేనే ఉతకాలి, గని దుమ్ము నేనే తుడవాలి, ఇప్పుడు దాన్ని నా చేతకానితనమని నేనే ఒప్పుకోవాలి. ఆ బడి పిల్లలు జేబుల్లో ఇన్‌హేలర్లు పెట్టుకుని ఆటలకు పోతారు. పళ్ళెం వదిలేసి లేచాను.

మర్నాడు ప్రభుత్వ కాలుష్య శాఖ తనిఖీ. వెళ్ళేసరికి నా రికార్డులో వార్విక్ చేతిరాత: "నరెల్ చేతిలోంచి జారి పడింది." కింద నా సంతకానికి చోటు వదిలాడు. ఎంత మర్యాదో!

మా పనిలో తప్పుడు రాతను చింపకూడదు, రుద్దకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన నిజం రాసి సంతకం పెట్టాలి. గీత కొట్టాను. "పడలేదు. పై మాట మేనేజర్ వార్విక్ రాసింది. ఈ కాగితం లెక్కలో ఉండాలి," అని రాసి సంతకం చేసి, తనిఖీకి వచ్చినావిడ చేతికిచ్చాను.

వార్విక్ మొహం పాలిపోయింది. "నేను రాసింది కొట్టేశావా?"

"కొట్టేశాను. చదవడానికి వీలుగానే."